ఇంటేక్ వాల్వ్ గ్యాప్ రెండోసారి టైట్ అయింది: వంగిందా, అరిగిందా?

చెల్కబాట_250

అన్నలకు నమస్తే. బండి 250 సీసీ ఫోర్ స్ట్రోక్ మోటోక్రాస్. ఫ్యూయెల్ ఇంజెక్షన్, రెండు క్యామ్‌లు, నాలుగు వాల్వులు, క్యామ్ నొక్కే బకెట్, దాని కింద గ్యాప్ సరిచేసే చిన్న బిళ్ళ, అదే షిమ్. ఇంటేక్ వాల్వులు రెండూ టైటానియం, ఎగ్జాస్ట్ రెండూ స్టీల్. నడిచేదంతా మునుగోడు, నారాయణపురం, రాచకొండ గుట్టల చుట్టూ చెల్కల్లో, ట్రాక్టర్ బాటల్లో. ఎండకాలం కాబట్టి బాట మీద పాదం మునిగేంత దుబ్బ ఉంది.

మాన్యువల్‌లో ఇంటేక్ గ్యాప్ (క్యామ్‌కు బకెట్‌కు మధ్య సందు) 0.10 నుంచి 0.15 మి.మీ., ఎగ్జాస్ట్ 0.17 నుంచి 0.22. అవర్ మీటర్ 40 దగ్గర ఎడమ ఇంటేక్ 0.06 చూపించింది, షిమ్ మార్చి 0.12కు తెచ్చినం. ఇప్పుడు 62 గంటలు. ఎడమది 0.03, కుడిది 0.08. ఎగ్జాస్ట్ రెండూ 0.20, అస్సలు కదల్లేదు.

పొద్దున చల్లటి ఇంజన్ ఎన్ని కిక్కులు కొట్టినా అందుకోదు, నూకితే స్టార్ట్ అయితది. వేడెక్కినంక బాగనే గుంజుతది. ఐడిల్‌లో అప్పుడప్పుడు థ్రాటిల్ బాడీ దిక్కు టప్పుమంటది. టాపెట్ చప్పుడు ఏమీ లేదు, ఇంకా మునుపటికంటె నిమ్మళంగ ఉంది.

వాల్వ్ వంగిందా, అరిగిందా? సన్నటి షిమ్ వేసి ఇంకొన్ని రోజులు నడపొచ్చా? గ్రైండింగ్ పేస్ట్ పెట్టి ల్యాపింగ్ (వాల్వ్‌ను అది ఆనే చోట రుద్దుడు) కొడితే చాలంటున్నరు, నిజమేనా? ఎక్కువ మంట తగిలేది ఎగ్జాస్ట్‌కు కదా, మరి ఇంటేకే ఎందుకు పోతుంది?

పాలమూరు_హెడ్‌వర్క్

తమ్మీ, ముందుగాల బండి స్టార్ట్ చేయుడు ఆపు. కారణం కింద చెప్తా.

వంగలేదు, అరిగింది. నువ్వు రాసిన అంకెలే చెప్తున్నయి. వాల్వ్ వంగితే దాని తల సీటు (హెడ్‌లో అది ఆనే రింగు) మీద పూర్తిగ కూసోదు, ఒక పక్క తెరుచుకొని నిలబడ్తది. అంటే స్టెమ్ (వాల్వ్ కాడ) కొస క్యామ్‌కు దూరం జరుగుతది, గ్యాప్ పెరుగుతది. కంప్రెషన్ కూడా ఒక్క దెబ్బకు పోతది, వారాల తరబడి మెల్లగ పోదు. క్యామ్ చైన్ ఒక పన్ను దుంకినప్పుడో, టెన్షనర్ పట్టు వదిలినప్పుడో, పిస్టన్ వాల్వ్‌ను తాకినప్పుడో అట్ల అయితది. నీ దాంట్ల అట్ల కాదు, గ్యాప్ మెల్లమెల్లగ తగ్గింది. వాల్వ్ ముఖం, సీటు అరిగి వాల్వ్ తల హెడ్ లోపలికి ఎక్కుతుంటే స్టెమ్ కొస క్యామ్ దిక్కు జరుగుతది.

చాలామంది ఇక్కడనే మోసపోతరు. అరిగితే గ్యాప్ పెరగాలె, టాపెట్ మోగాలె అనుకుంటరు. సీటు దగ్గరి అరుగుడు దానికి ఉల్టా. ఇంజన్ నిమ్మళం అయిన కొద్ది అనుమానం పెరగాలె. గ్యాప్ సున్నాకు వచ్చినా, ముఖం అరిగి గాడి పడినా వాల్వ్ పూర్తిగ మూసుకోదు. కిక్ కొట్టేటప్పుడు ఇంజన్ చాలా మెల్లగ తిరుగుతది కాబట్టి ఆ సందులోంచి కంప్రెషన్ కారిపోవడానికి టైము దొరుకుతది, అందుకే అందుకోదు. నూకినప్పుడు వేగంగ తిరుగుతది, కారేలోపల మంట అంటుకుంటది. అల్యూమినియం హెడ్ వేడికి టైటానియం కంటె రెండింతలు ఎక్కువ పొంగుతది కాబట్టి వేడెక్కినంక కొంచెం గ్యాప్ వస్తది, బండి బాగయినట్టు అనిపిస్తది. ఐడిల్‌లో టప్పుమనేది మంట ఇంటేక్ పోర్ట్‌లోకి ఎగదన్నుడే.

ఇగ లెక్క చూడు. 22 గంటల్లో ఎడమ వాల్వ్ 0.09 మి.మీ. పైకి జరిగింది. ముఖం 45 డిగ్రీల వాలు మీద ఉంటది కాబట్టి ఆ ముఖానికి నిలువుగ చూస్తే దాదాపు 0.06 మి.మీ. లోహం పోయినట్టు, కొంత వాల్వ్‌ది, కొంత సీటుది. టైటానియం వాల్వ్ ముఖం మీద ఉండే గట్టి కోటింగ్ మందం కొన్ని మైక్రాన్లే, అంటే మి.మీ.లో వెయ్యో వంతులు. అది ఎప్పుడో పోయింది. ఇప్పుడు అరుగుతున్నది కోటింగ్ కింద ఉన్న మెత్తటి టైటానియం. అందుకే మొదటిసారి 40 గంటలు పట్టింది, రెండోసారి 22 గంటలకే అంతకంటె ముందుకు పోయింది. మళ్ళ షిమ్ వేస్తే పది గంటలు కూడా ఆగదు.

సన్నటి షిమ్ లెక్క అడిగినవ్ కాబట్టి: ఉన్న షిమ్ మందానికి కొలిచిన గ్యాప్ కలిపి, కావలసిన గ్యాప్ తీసెయ్యాలె. ఉన్నది 1.75 అనుకుంటే, 1.75 + 0.03 − 0.12 = 1.66. దొరికేది 1.65, దాంతోని గ్యాప్ 0.13 వస్తది. లెక్క కుదురుతది గాని వాల్వ్ బాగుపడదు. అరిగి పల్చబడ్డ తల అంచు, ముఖం మీద గాడి, రెండూ అట్లనే ఉంటయి. ఆ పల్చటి అంచు విరిగినా, తల స్టెమ్ నుంచి తెగినా, పిస్టన్, హెడ్, సిలిండర్ మూడూ ఒక్కసారే పోతయి. స్టార్ట్ చేయొద్దన్నది గందుకే.

ఇంటేకే ఎందుకంటే, ఫిల్టర్ దాటి వచ్చిన దుబ్బ మొదలు తాకేది దాన్నే. మన దిక్కు చెల్క నేలలు గ్రానైట్ రాయి అరిగి పుట్టినయి, ఆ మట్టి నిండా క్వార్ట్జ్ రేణువులు. మోస్ గట్టితనం లెక్కల క్వార్ట్జ్ 7 దగ్గర ఉంటది, మామూలు స్టీల్‌ను గీరుతది, కోటింగ్ పోయిన టైటానియం అయితే చెప్పనక్కరలేదు. ఇంజన్ 12,000 ఆర్‌పీఎం తిరుగుతుంటే వాల్వ్ నిమిషానికి 6,000 సార్లు, సెకండుకు 100 సార్లు సీటు మీద పడ్తది. ముఖానికి సీటుకు మధ్య ఆ పొడి ఇరుక్కుంటే ప్రతి దెబ్బా ఒక ల్యాపింగే. 22 గంటలు సగటున 7,000 ఆర్‌పీఎం వేసుకో, 46 లక్షల దెబ్బలు. ఎగ్జాస్ట్ దగ్గరికి వచ్చేసరికి మిగిలిన దుమ్ము గ్యాస్ వేగంతోని బయటికి కొట్టుకపోతది. పైగా నీ దాంట్ల అది స్టీల్, ముఖం గట్టిది.

ఇంటేక్‌కు టైటానియం ఎందుకు పెడ్తరంటే బరువు. ఇంటేక్ వాల్వ్ తల పెద్దది. స్టీల్ ఘన సెంటీమీటరుకు 7.8 గ్రాములు, టైటానియం 4.5. తేలిక వాల్వ్‌కు తేలిక స్ప్రింగ్ చాలు, పెద్ద ఆర్‌పీఎంలో కూడా క్యామ్ వెంట పోతది. రేసింగ్‌కు మంచిదే. దుబ్బలోకి వచ్చేసరికి దాని ప్రాణం మొత్తం ఆ కొన్ని మైక్రాన్ల కోటింగ్ మీదనే ఉంటది.

దేవరకొండ_డర్ట్

ల్యాపింగ్ సంగతి గట్టిగా చెప్పాలి. టైటానియం వాల్వ్‌కు గ్రైండింగ్ పేస్ట్ తాకనివ్వొద్దు. పేస్ట్ అంటే రాపిడి పొడే కదా. కొత్త వాల్వ్ మీద రెండు నిమిషాలు తిప్పినా కోటింగ్ పోతుంది, డబ్బా విప్పిన రోజే దాన్ని 60 గంటలు నడిపినట్టు లెక్క. సీటు మీద ఎక్కడ ఆనుతుందో చూడాలంటే ప్రష్యన్ బ్లూ గాని, మామూలు పర్మనెంట్ మార్కర్ గాని ముఖానికి పూసి, గైడ్‌లో (కాడ జారే గొట్టం) పెట్టి వేలితో ఒక్కసారి నొక్కి, తిప్పకుండా తియ్యండి. చుట్టూ తెగకుండా ఒకే వెడల్పు గీత పడాలి. తెగితే ఆ చోట లీకు ఉన్నట్టు.

పాత టైటానియం వాల్వ్ ముఖాన్ని మెషిన్ మీద కోయించడం కూడా అంతే. స్టీల్ వాల్వ్‌కు చెల్లుతుంది, దీనికి చెల్లదు.

హెడ్ విప్పే ముందు లీక్ డౌన్ టెస్ట్ చేయండి. ఈ ఇంజన్లలో ఆటో డీకంప్రెషర్ ఉంటుంది, కిక్ వేగంలో ఎగ్జాస్ట్ వాల్వ్‌ను కొంచెం ఎత్తి పెడుతుంది. కాబట్టి కంప్రెషన్ గేజ్ చూపించే అంకెను నమ్మలేం. పిస్టన్‌ను కంప్రెషన్ టీడీసీలో (అన్నిటికంటే పై స్థానంలో) నిలబెట్టి, స్పార్క్ ప్లగ్ రంధ్రంలోంచి గాలి ఎక్కించండి. గాలి ఒత్తిడికి క్రాంక్ తిరగకుండా గేర్‌లో వేసి వెనక బ్రేక్ తొక్కి పట్టాలి. తర్వాత చెవి పెట్టడమే. థ్రాటిల్ తెరిస్తే బుస్సుమంటే ఇంటేక్ వాల్వ్, సైలెన్సర్‌లోంచి అయితే ఎగ్జాస్ట్, క్రాంక్‌కేస్ బ్రీదర్ పైపులోంచి అయితే రింగులు, రేడియేటర్‌లో బుడగలొస్తే హెడ్ గాస్కెట్.

గ్యాప్ కొలిచేది చల్లటి ఇంజన్ మీద అని గుర్తుందా? చాలా మాన్యువల్స్ 35 డిగ్రీల లోపు అంటాయి. మే నెలలో నల్లగొండలో మధ్యాహ్నం షెడ్డులో కొలిస్తే ఇంజన్ ఆపి రోజంతా అయినా అది చల్లటి ఇంజన్ కాదు. రాత్రంతా నీడన పెట్టి తెల్లారి 5, 6 గంటలకు కొలవండి. ఫీలర్ బ్లేడ్ కొంచెం పట్టుతో జారాలి, తోసి ఎక్కించకూడదు. 0.10 బ్లేడ్ పోతుంది, 0.13 పోదు అన్నట్టు రెండు పక్కలా చూసి అంకె రాసుకోండి.

చెల్కబాట_250

లీక్ డౌన్ చేసినం. థ్రాటిల్ తెరవంగనే బుస్సుమంటున్నది, సైలెన్సర్ దిక్కు ఏమీ లేదు. హెడ్ విప్పినం. ఎడమ ఇంటేక్ వాల్వ్ ముఖం మీద చుట్టూ గాడి పడ్డది, గోరు పెడితే తట్టుకుంటుంది. గాడి లోపల బూడిద రంగు, పైన కింద మాత్రం పాత కోటింగ్ నల్లగ మిగిలింది. తల అంచు కుడిదాని కంటె పల్చగ కనిపిస్తుంది. కుడిదాంట్ల గీత ఉంది గాని గోరుకు తగలదు. స్టెమ్‌ను వీ బ్లాకుల మీద పెట్టి డయల్ గేజ్‌తోని తిప్పితే 0.01 లోపలనే.

థ్రాటిల్ బాడీ బూట్ (ఫిల్టర్ నుంచి గాలి వచ్చే రబ్బరు గొట్టం) లోపల వేలితో తుడిస్తే ఎర్రటి పొడి అంటింది, పళ్ళ మధ్య పెడితే కరకరమంటుంది. ఫిల్టర్ వారానికి ఒకసారి కడుగుతున్నం. ఇప్పుడు వాల్వులు మారిస్తే సరిపోతదా? స్టెయిన్‌లెస్ వేయాల్నా, టైటానియమే వేయాల్నా?

పాలమూరు_హెడ్‌వర్క్

ఆ కరకరనే నీ జవాబు. మంచి పని చేసినవ్ వేలు పెట్టి. దుబ్బ ఎక్కడికెల్లి వస్తున్నదో పట్టుకోకుంట కొత్త వాల్వ్ వేస్తే డబ్బులు చెల్కల పోసినట్టే.

కుడి వాల్వ్ కూడా మార్చాలె. గోరుకు తగలకున్నా 0.08కు వచ్చింది, కోటింగ్ పోయినట్టే. జతగానే వేయి.

దుబ్బ దారులు ఇవి చూడు. ఫోమ్ ఫిల్టర్ అతుకులు విడిపోయినయా. వెలుతురుకు పట్టి అతుకు దగ్గర రెండు చేతుల్తోని గుంజి చూడు, పెట్రోల్‌తోని కడిగే ఫిల్టర్లకు జిగురు తొందర ఇడిసిపెడ్తది. ఫిల్టర్ పెదవి ఎయిర్‌బాక్స్‌కు ఆనే చోట గ్రీజు ఉన్నదా, ఆ ఆనే అంచు మీద పాత మట్టి గట్టిపడి ఎత్తుపల్లం అయిందా. ఫిల్టర్ పట్టే బోల్ట్ కింద వాషర్ ఉన్నదా. ఎయిర్‌బాక్స్‌కు బూట్ కలిసే చోట జిగురు లేచిందా, ఇది చాలామంది చూడరు. బూట్ నుంచి థ్రాటిల్ బాడీకి క్లాంప్ తిరిగిపోయి ఒక పక్క ఎగిరి ఉన్నదా.

ఎడమ వాల్వ్ ఎక్కువ పోయింది కాబట్టి ఎడమ దిక్కు పెదవి మీద ముందుగాల కన్నెయ్యి. ఖచ్చితంగ అక్కడనే అని కాదు, గైడ్ ఎక్కువ అరిగి వాల్వ్ ఊగుతున్నా ఒకటే వాల్వ్ తొందర పోతది. స్టెమ్‌ను తెరిచిన స్థితిలో పెట్టి తలను పక్కలకు కదిపి డయల్ గేజ్‌తోని చూడు, మాన్యువల్‌లో పరిమితి ఉంటది.

వారానికి ఒకసారి కడుగుడు ఈ దుబ్బకు చాలది. దుబ్బ బాటల నడిచిన ప్రతి రోజూ మార్చాలె. రెండు మూడు ఫిల్టర్లు నూనె పెట్టి ప్లాస్టిక్ కవర్లల్ల సిద్ధంగ పెట్టుకుంటే మార్చుడు ఐదు నిమిషాల పని. ముందు బండి లేపే దుబ్బలోనే నడిచినవంటే ఒక్క పూటలోనే ఫిల్టర్ నిండుతది, అక్కడ దూరం పాటించు.

కడిగే పద్ధతి: సీటు విప్పే ముందే చుట్టూ ఉన్న మట్టి బ్రష్‌తోని దులుపు. ఫిల్టర్ తీసేటప్పుడు దాని మీది దుబ్బ బూట్ మూతిలో రాలకుంట చూసుకో, తీసిన ఎంటనే మూతికి శుభ్రమైన గుడ్డ కుక్కు. కిరోసిన్ లేదా ఫిల్టర్ క్లీనర్‌లో పిసికి, తర్వాత సబ్బు నీళ్ళల్ల, తర్వాత మంచి నీళ్ళల్ల. పిండేటప్పుడు రెండు అరచేతుల మధ్య నొక్కాలె, బట్ట పిండినట్టు మెలి పెడితే అతుకు పోతది. నీడన పూర్తిగ ఆరాలె, తడి మీద నూనె పట్టదు. ఫిల్టర్ ఆయిలే వాడు, ఇంజన్ ఆయిల్ కాదు. ఇంజన్ ఆయిల్ పూటలో కిందికి దిగిపోయి పై భాగం ఎండుతది, దుబ్బ అటు నుంచి దూరుతది. నూనె పోసి రంగు అంతటా ఒకే తీరు వచ్చేదాంక పిసుకు, ఎక్కువ ఉన్నది నొక్కి తియ్యి, కొంచెం సేపు ఆరనియ్యి, పెదవి చుట్టూ గ్రీజు రాసి పెట్టు.

ఇంకోటి, వాటర్ సర్వీసింగ్. ప్రెషర్ గన్ ఎయిర్‌బాక్స్ దిక్కు కొట్టినవంటే నీళ్ళతోని పాటు బురద ఫోమ్ దాటి లోపలికి పోతది. సర్వీసింగ్‌కు ముందు ఎయిర్‌బాక్స్‌కు మూత బిగించు, లేకుంటే ఆ దిక్కు గన్ పెట్టొద్దని చెప్పు.

అన్నీ సరిచేసినంక పరీక్ష ఒక్కటే. బూట్ లోపల ఫిల్టర్ తర్వాతి భాగంలో పల్చగ తెల్ల గ్రీజు పూయి. రెండు మూడు గంటలు నడిపి తీసి తెల్ల కాగితం మీద తుడువు. ఒక్క ఇసుక రేణువు కనిపించినా ఇంకా దారి ఉన్నట్టే.

సాగర్_స్పానర్

స్టెయిన్‌లెస్ లేదా టైటానియం అన్న దానికి. రేసు కాకుండా గుట్టల్లో, దుబ్బలో తిరిగే బండికి స్టెయిన్‌లెస్ వైపే నా మొగ్గు. ముఖం లోపలి దాకా ఒకే లోహం, కోటింగ్ పోయి ఒక్కసారి కుప్పకూలే గొడవ ఉండదు. గ్యాప్ తగ్గినా మెల్లగా, ముందే తెలిసేలా తగ్గుతుంది. కానీ రెండు షరతులు, రెండూ తప్పకుండా పాటించాల్సినవే.

ఒకటి, స్ప్రింగులు. స్టెయిన్‌లెస్ వాల్వ్ బరువు ఎక్కువ. దానికి టైటానియం కోసం పెట్టిన తేలిక స్ప్రింగ్ వేస్తే పెద్ద ఆర్‌పీఎంలో క్యామ్ వంపు దిగే వేగానికి స్ప్రింగ్ వాల్వ్‌ను వెనక్కి తేలేదు. వాల్వ్ ఒక క్షణం గాల్లో ఉండి, తర్వాత సీటు మీద సుత్తి దెబ్బలా పడి ఎగురుతుంది. సీటు కొట్టుకుపోతుంది, ఇంకా ఎక్కువైతే పిస్టన్‌ను తాకుతుంది. వాల్వ్, స్ప్రింగ్, రిటైనర్, కింద సీటు వాషర్ అన్నీ ఒకే కిట్‌గా తీసుకోవాలి. వాల్వ్ స్టెమ్ సీల్స్ పాతవి మళ్ళీ వాడొద్దు.

రెండు, సీటు. పాత సీటు మీద కొత్త వాల్వ్ వేస్తే పాత గాడిలోనే కూర్చుంటుంది, ఒకవైపే ఆనుతుంది, వేడి దిగదు. వాల్వ్‌లోని వేడి ఎక్కువ భాగం సీటు ద్వారానే హెడ్‌లోకి పోతుంది, ఆనే గీత తెగితే ఆ చోట కాలుతుంది. కాబట్టి సీటు కోయించాల్సిందే. మధ్యలో 45 డిగ్రీలు, పైన 30, కింద 60, ఆనే గీత వెడల్పు సుమారు 1 మి.మీ. (కచ్చితమైన అంకె మీ మాన్యువల్‌లో). గీత వాల్వ్ ముఖం మధ్యలో పడాలి. మరీ సన్నగా ఉంటే తొందరగా కొట్టుకుపోతుంది, మరీ వెడల్పైతే దుమ్ము, కార్బన్ ఇరుక్కుంటాయి. గైడ్ అరిగి ఉంటే ముందు గైడ్, తర్వాత సీటు. సీటు కోసే కట్టర్ గైడ్‌లో దిగే పైలట్ మీదనే తిరుగుతుంది, గైడ్ వదులైతే సీటు గుండ్రంగా రాదు.

ఇక్కడ ఒక జాగ్రత్త. ట్రాక్టర్, జీపు హెడ్‌లు చేసే షాపులో సీటు కటింగ్ మంచిగానే చేస్తారు, కానీ మీ వాల్వ్ స్టెమ్ 5 మి.మీ. అటు ఇటు. ఆ సైజు పైలట్ ఉందా అని ఫోన్‌లోనే అడిగి, ఉంటేనే హెడ్ తీసుకెళ్ళండి. లేకుండా చేత్తో రాయి తిప్పి చేస్తామంటే వద్దని చెప్పి హెడ్ వెనక్కి తెచ్చుకోండి.

కోసిన తర్వాత వాల్వులు, స్ప్రింగులు బిగించి, హెడ్ తిరగేసి, పోర్ట్‌లో కొంచెం కిరోసిన్ పోసి పది నిమిషాలు చూడండి. వాల్వ్ చుట్టూ తడి కనిపించకూడదు.

కోయిల్‌సాగర్_ఎండ్యూరో

మధ్యలో వస్తున్నందుకు ఏమనుకోవద్దు. ఎక్స్‌పల్స్ 200, హిమాలయన్ 411 లాంటి స్టీల్ వాల్వ్, స్క్రూ టాపెట్ బండ్లకు కూడా ఇదే వర్తిస్తదా? ఇంకోటి, ఇప్పుడు పంపులల్ల ఈ20 (20 శాతం ఇథనాల్ కలిపిన) పెట్రోలే వస్తున్నది, దాని వల్ల వాల్వులు పోతున్నయని అంటున్నరు.

పాలమూరు_హెడ్‌వర్క్

వర్తిస్తది, కాకుంటే మెల్లగ. స్క్రూ టాపెట్ బండ్లల్ల రెండు అరుగుళ్ళు ఎదురెదురు ఉంటయి. రాకర్, స్క్రూ కొస అరిగితే గ్యాప్ పెరిగి టిక్ టిక్ మంటది. సీటు అరిగితే గ్యాప్ తగ్గి చప్పుడు పోతది. రెండూ కలిసి ఒకదాన్నొకటి దాచిపెడ్తయి. అందుకే చెవితోని కాదు, ఫీలర్‌తోని చూడాలె. టాపెట్ సౌండ్ వస్తున్నదని స్క్రూ బిగించి చప్పుడు పోగొట్టుడు మన దిక్కు పెద్ద అలవాటు. చప్పుడు పోయిందని బండాయన సంతోషపడ్తడు, వాల్వ్ మూసుకోక నెమ్మదిగ కాలిపోతది. మాన్యువల్ అంకెకు పెట్టినంక కొంచెం టిక్ టిక్ వచ్చినా రానియ్యి.

పేపర్ ఫిల్టర్ ఉన్న బండ్లకు ఒక మాట. దుబ్బ నిండిన పేపర్‌ను కంప్రెషర్ గాలితోని బయట నుంచి లోపలికి కొడితే పొడి కాగితం రంధ్రాలల్ల దిగబడ్తది, ఎక్కువ ప్రెషర్‌కు కాగితం చిరుగుతది కూడా. మార్చెయ్యి, అది వాల్వ్ కంటె అగ్గువ.

ఈ20 మీద పూర్తి నింద వేయలేం. ఇథనాల్‌కు పెట్రోల్ కంటె తక్కువ గాలి చాలు, కాబట్టి పాత పెట్రోల్‌కు జెట్టింగ్ పెట్టిన కార్బురేటర్ బండి ఈ20 మీద కొంచెం లీన్ (గాలి ఎక్కువ, పెట్రోల్ తక్కువ) అయి వేడెక్కుతది. ఆ దెబ్బ ముందుగాల తగిలేది ఎగ్జాస్ట్ వాల్వ్‌కు. పైన తమ్ముడి బండి ఇంజెక్షన్, ఎగ్జాస్ట్ రెండూ 0.20 దగ్గర కదలకుంట ఉన్నయి, ఇంటేక్ పోయింది, బూట్‌లో ఇసుక దొరికింది. ఇది దుబ్బ కేసే.

దేవరకొండ_డర్ట్

ఇంకో కారణం ఎవరూ రాయలేదు. గుట్ట దిగేటప్పుడు చిన్న గేర్‌లో వేసి ఇంజన్ బ్రేకింగ్ మీద వదలడం. రెవ్ లిమిటర్ ఆపగలిగేది మంటను మాత్రమే, వెనక చక్రం ఇంజన్‌ను తిప్పుతుంటే అది ఏమీ చేయలేదు. మూడో గేర్ నుంచి తప్పుగా ఒకటికి పడితే ఆర్‌పీఎం గీత దాటుతుంది, సాగర్ చెప్పిన సుత్తి దెబ్బలు అప్పుడు పడతాయి. జంప్ మీద గాల్లో ఉన్నప్పుడు థ్రాటిల్ తెరిచి లిమిటర్ మీద ఉంచడం కూడా ఇలాంటిదే. దుమ్ము కోటింగ్‌ను పల్చన చేస్తే, ఈ దెబ్బలు దాన్ని పగలగొడతాయి. పాత స్ప్రింగ్ ఫ్రీ లెంగ్త్ కొలిచి మాన్యువల్‌తో పోల్చండి, పరిమితి కంటే పొట్టిగా ఉంటే దెబ్బ ఇంకా తొందరగా వస్తుంది.

చెల్కబాట_250

దారి దొరికింది. బూట్ ఎయిర్‌బాక్స్‌కు అతికిన చోట ఎడమ దిక్కు కింద రెండు వేళ్ళ పొడుగు జిగురు లేచింది, లోపల ఎర్రటి మట్టి చార. ఫిల్టర్ ఎంత కడిగినా లాభం లేకుండె. స్టెయిన్‌లెస్ కిట్ వేస్తున్నం, స్ప్రింగులతోని సహా. సీటు కటింగ్‌కు 5 మి.మీ. పైలట్ ఉన్న షాపు మాట్లాడినం. మళ్ళ బిగించేటప్పుడు ఏం చూసుకోవాలె?

సాగర్_స్పానర్

లేచిన చోట పాత జిగురు పూర్తిగా గీరి, ఆల్కహాల్‌తో తుడిచి, రబ్బరుకు పట్టే సీలెంట్ పెట్టి ఒక రాత్రి ఆరనివ్వండి. థ్రాటిల్ బాడీ దాకా బూట్ మొత్తం తుడవండి, లోపల మిగిలిన ఇసుక మొదటి కిక్‌కే కొత్త వాల్వ్ మీద పడుతుంది. దుమ్ము ఇంతకాలం లోపలికి పోయింది కాబట్టి సిలిండర్ గీతలు, రింగ్ గ్యాప్ కూడా చూడండి, ఇంజన్ ఆయిల్, ఆయిల్ ఫిల్టర్ రెండూ మార్చండి.

క్యామ్ విప్పేటప్పుడు, బిగించేటప్పుడు చైన్ టన్నెల్‌లో గుడ్డ కుక్కి పెట్టండి. షిమ్ గాని, క్యామ్ క్యాప్ డోవెల్ గాని అందులో పడితే క్రాంక్‌కేస్ దాకా పోతుంది. క్యామ్ తీసే ముందు చైన్ టెన్షనర్ విప్పాలి, మళ్ళీ పెట్టేటప్పుడు ప్లంజర్ వెనక్కి తిప్పి పెట్టాలి. టైమింగ్ గుర్తులు సరిచూసి, ప్లగ్ తీసేసి చేత్తో ఇంజన్ రెండు సుట్లు పూర్తిగా తిప్పండి. ఎక్కడ గట్టిగా ఆగినా బలవంతం చేయొద్దు, గుర్తులు మళ్ళీ చూడండి. క్యామ్ క్యాప్ బోల్టులు చాలా బండ్లకు 10 న్యూటన్ మీటర్ల దగ్గరే, అల్యూమినియం మర తొందరగా చెడుతుంది కాబట్టి టార్క్ రెంచ్ లేకుండా చేయొద్దు. ఎదురెదురు బోల్టులు కొంచెం కొంచెంగా బిగించాలి.

స్టెయిన్‌లెస్ కిట్‌తో వచ్చే కాగితంలో గ్యాప్ వేరే ఇస్తే ఆ అంకె పెట్టండి, లేకుంటే మాన్యువల్ అంకెలో ఎక్కువ వైపు, మీ బండికి 0.14, 0.15 దగ్గర పెట్టండి. కొత్త సీటు మొదట్లో కొంచెం సర్దుకుంటుంది, గ్యాప్ తగ్గే దిక్కే పోతుంది. మొదటి 3 గంటలకు ఒకసారి, 10 గంటలకు ఒకసారి కొలవండి, ఆ తర్వాత ప్రతి 15 గంటలకు. నాలుగు వాల్వుల గ్యాప్, నాలుగు షిమ్‌ల మందం, అవర్ మీటర్ అంకె ఒక టేపు ముక్క మీద రాసి ఎయిర్‌బాక్స్ మూత లోపల అతికించండి.